30 రోజుల గ్యారంటీ ఒకచోట, 90 రోజుల ఓపిక ఇంకోచోట: మా మొండి గుర్రాన్ని ట్రైనింగ్‌కి పంపిన కథ

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద చెప్తాను, చదివాక మీకు మూడే ఇవ్వాలనిపించినా నేనేమీ అనుకోను. పేర్లు రాయడం లేదు. మొదట పంపిన చోటువాళ్ళతో డబ్బు గొడవ ఇంకా తేలలేదు, రెండో ఆయనేమో "నా పేరు పెట్టకండి, ఉన్న గుర్రాలకే టైమ్ చాలట్లేదు" అన్నారు. కాబట్టి దీన్ని చదివి ఫలానా సెంటర్‌కి వెళ్ళిపోదాం అనుకుంటే కుదరదు. గుర్రాన్ని దారికి తెచ్చిపెడతాం అని డబ్బు తీసుకునేవాళ్ళ దగ్గర ఏం చూడాలి, ఏం అడగాలి అన్నది నాకు ఎముక విరిగాక గానీ తెలియలేదు, ఆ సంగతి రాద్దామని.

గుర్రం పేరు బాద్‌షా. ఏడేళ్ళవాడు, గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, విత్తులు కొట్టించిన మగ గుర్రం. మనం కింద ఉన్నంతసేపు వాడంత మంచివాడు లేడు. గిట్టలు తనంతట తనే ఎత్తి ఇస్తాడు, పిల్లలు తోక దువ్వుతుంటే కళ్ళు మూసుకుని కునుకు తీస్తాడు. జీను వేసి పొట్ట కింద పట్టీ బిగించామా, ఇంక వేరే గుర్రం. చెవులు వెనక్కి పోతాయి, వీపు విల్లులా పైకి లేస్తుంది, ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడిపోతాడు. రికాబులో కాలు పెట్టి బరువు వేసిన మరుక్షణం తల రెండు కాళ్ళ మధ్యకి, నాలుగు కాళ్ళూ గాల్లోకి. మొదటిసారి పడ్డప్పుడు నాదే తప్పనుకున్నా. రెండోసారి కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడేసుకుని తిరిగాను, చొక్కా గుండీ పెట్టడానికి కూడా ఇంకొకళ్ళు కావాలి. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, అమ్మేయమని. అమ్మితే ఏమవుతుందో ఊహించలేనంత అమాయకత్వం నాకు లేదు, మనిషిని పడేసే గుర్రం చేతులు మారేకొద్దీ ఇంకా పాడవుతుంది, ఆఖరికి దాణా దండగ అనుకునేవాడి పాలపడుతుంది. అందుకే ట్రైనింగ్.

మొదటి చోటు గురించి తొందరగా చెప్పి ముగిస్తా. "ఎలాంటి గుర్రాన్నయినా 30 రోజుల్లో మచ్చిక చేస్తాం" అని గ్యారంటీ ఇచ్చారు, ముందు ఒక డెమో కూడా చూపించారు. గుండ్రటి కంచెలో, దాన్ని రౌండ్ పెన్ అంటారు, ఎవరూ ఎక్కని ఒక గుర్రాన్ని వదిలి, తాడు విసురుతూ చుట్టూ తిప్పారు. కాసేపటికి అది తల దించి మనిషి దగ్గరికి వచ్చి నిలబడింది, అరగంటకల్లా జీను వేసి ఎక్కేశారు. చూసినవాళ్ళం చప్పట్లు కొట్టాం. ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చినవాళ్ళలో మాంటీ రాబర్ట్స్ ఒకరు, 1989లో విండ్సర్‌లో ఎలిజబెత్ రాణి ముందు చేసి చూపించారు, అప్పట్నుంచి ఈ అరగంట డెమోలకి గిరాకీ పెరిగింది. తప్పేం లేదు, చేతనైనవాళ్ళు చేస్తే అదొక మంచి మొదలు. నాలాంటివాళ్ళం దాన్నే ముగింపు అనుకుంటాం, అక్కడ వస్తుంది తంటా. పైగా ఆ డెమో గుర్రం మనుషుల చేతిలో దెబ్బతినని కొత్త గుర్రం. నాది దెబ్బతిన్న పాత గుర్రం.

30 రోజుల తర్వాత బాద్‌షాని తెచ్చుకున్నా. అబ్బో, ఎంత బుద్ధిమంతుడో! జీను వేస్తే కదలడు, ఎక్కితే కదలడు, మడమతో తడితే నడుస్తాడు. ఎనిమిది రోజులు ఎక్కాను. అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నా. తొమ్మిదో రోజు పట్టీ ఇంకో రంధ్రం బిగించి ఎక్కబోయేసరికి పేలాడు చూడండి, జీను పొట్ట కిందకి తిరిగిపోయింది, కంచె రెండు కర్రలు విరిగాయి, నేనింకా పైకి ఎక్కలేదు కాబట్టి సరిపోయింది.

తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే వాళ్ళు రోజూ వాడిని చెమటలు కారేదాకా పరుగెత్తించి, ఇంక ఒంట్లో ఓపిక లేనప్పుడు ఎక్కేవాళ్ళు. అలిసిపోయిన గుర్రం ఎగరదు, నిజమే. కానీ నెల రోజులు ప్రతి పొద్దున్నా పరుగు పెడితే ఏమవుతుంది? బలం వస్తుంది. డబ్బిచ్చి నన్ను ఇంకా గట్టిగా పడేసే గుర్రాన్ని తయారుచేయించుకున్నానన్నమాట. రెండోది, ఆ ఎనిమిది రోజుల బుద్ధిమంతుడి కళ్ళు నేను సరిగ్గా చూడలేదు. మూతి బిగుసుకుపోయి, చూపు ఎక్కడో నిలిచిపోయి, చెవులు ఏ చప్పుడుకీ తిరగకుండా ఉండేవి. భయం పోయిన గుర్రం అలా ఉండదు. ఏం చేసినా తప్పించుకోలేను అని తేల్చుకున్న ప్రాణి లోపలికి ముడుచుకుపోతుంది, బయటివాళ్ళకి అది శాంతంలా కనిపిస్తుంది. కొత్తచోటికొచ్చి తేరుకోగానే లోపల ఉన్నదంతా బయటికొచ్చింది.

ఒక ముందు కాలు మడిచి కట్టేసి నేలమీద పడుకోబెట్టడం కూడా చేశారట, వాళ్ళ కుర్రాడే నోరు జారాడు. ఇది కొత్త పద్ధతేం కాదు. 1858లో జాన్ రేరీ అనే అమెరికన్ ఇంగ్లండ్‌లో ఇలాగే కాలు కట్టి పడుకోబెట్టే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. ఇనుప మూతిబుట్ట లేకుండా ఎవరూ దగ్గరికి పోలేని క్రూయిజర్ అనే మగ గుర్రాన్ని లొంగదీశాడు, విక్టోరియా రాణి ముందు కూడా చేసి చూపించాడు. గుర్రాల్ని చావబాదడమే పద్ధతిగా ఉన్న రోజుల్లో అది మెత్తని దారి అనిపించుకుంది, పడుకోబెట్టాక రేరీ దాని ఒళ్ళంతా నిమురుతూ చాలాసేపు కూర్చునేవాడట. ఇప్పటివాళ్ళు ఆ నిమరడం వదిలేసి తాడు ఒక్కటే పట్టుకున్నారు.

ఇక అసలు రివ్యూ.

రెండో ఆయన దగ్గరికి తీసుకెళ్ళడానికి బాద్‌షాని ట్రైలర్ ఎక్కించడానికే ముగ్గురం రెండు గంటలు కుస్తీ పట్టాం, ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది. దించగానే ఆయన వచ్చి తాడు అందుకుంటారేమో అనుకున్నా. ఆయన కంచె మీద చేతులు పెట్టుకుని నిలబడి, "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, నేను లేననుకోండి" అన్నారు. పావుగంట పాటు నేను దువ్వడం, గిట్టలు శుభ్రం చేయడం, జీను తేవడం చూస్తూ ఉన్నారు. పట్టీ చేతిలోకి తీసుకోగానే "ఆగండి" అన్నారు. వచ్చి జీను తీసేసి, మూపు వెనక నుంచి వెన్నుకి రెండు వైపులా రెండు వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ నడుము దాకా వెళ్ళారు. ఒకచోట వేళ్ళు పెట్టగానే బాద్‌షా వీపు జానెడు కిందకి కుంగింది, చర్మం ఈగ వాలినట్టు గజగజలాడింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ కుంగింది. మూపుకి రెండు పక్కలా అర్ధరూపాయంత తెల్ల వెంట్రుకల మచ్చలున్నాయి, నేను వాటిని పుట్టుమచ్చలనుకుని ముద్దు చేసేదాన్ని. "జీను నొక్కి నొక్కి అక్కడ వెంట్రుకల రంగు పోయిందండీ" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగేళ్ళుగా ఆ మచ్చలు రోజూ చూస్తున్నా.

"ముందు డాక్టర్‌కి చూపించి రండి, అప్పటిదాకా నేను ఎక్కను" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ఆ నిమిషంలో కోపం వచ్చింది, డబ్బిచ్చేది ఎక్కడానికి కదా అని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ట్రైనర్‌ని ఎంచుకోవడానికి నేను చెప్పే మొదటి గుర్తు ఇదే, మీ గుర్రాన్ని చూసిన రోజే ఎక్కేస్తానన్నవాడి దగ్గర నుంచి వచ్చేయండి.

ఇంటికెళ్ళాక నేను ఎక్కిన పాత వీడియోలు పంపమన్నారు. గుర్రానికి నొప్పి ఉందో లేదో ఎక్కినప్పుడు దాని ప్రవర్తనలో కనిపెట్టడానికి స్యూ డైసన్ అనే గుర్రాల డాక్టర్ 24 లక్షణాల జాబితా ఒకటి తయారుచేశారు, చెవులు ఎంతసేపు వెనక్కి ఉన్నాయి, నోరు తెరుస్తోందా, తోక విదిలిస్తోందా, తల పక్కకి వంచుతోందా, ఇలాంటివి. అందులో ఎనిమిదో అంతకన్నా ఎక్కువో కనిపిస్తే ఎక్కడో నొప్పి ఉన్నట్టే అనుకోవాలట. బాద్‌షాకి ఆయన లెక్కలో పదకొండు వచ్చాయి. వీడియో ఆపి ఆపి ఒక్కోటీ చూపించారు. అదే వీడియోని నేను "చూడండి ఎంత పొగరో" అని స్నేహితులకి పంపి నవ్వుకున్నాను.

డాక్టర్ చూస్తే రెండు బయటపడ్డాయి. జీను లోపలి చట్రం వాడి వీపుకి ఇరుకు, వాడు నాలుగేళ్ళలో ఒళ్ళు చేశాడు, జీను మాత్రం అదే. ఇంకోటి, పై దవడలో నములుడు పళ్ళకి ముందు ఒక చిన్న పనికిరాని పన్ను ఉంటుంది కొన్ని గుర్రాలకి, తోడేలు పన్ను అంటారు, కళ్ళెం దానికి తగులుతోంది. పన్ను తీయించాం, జీను మార్చాం, మూడు వారాలు వీపు మీద ఏమీ వేయొద్దన్నారు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. నొప్పి పోయింది కదా, ఇంక ఎగరడు అనుకున్నా. ఆయన నవ్వి, "మీకు పన్ను నొప్పి తగ్గాక కూడా డెంటిస్ట్ కుర్చీ చూస్తే ఎలా ఉంటుంది?" అన్నారు. గుర్రానికి జ్ఞాపకం గట్టిది. పట్టీ బిగిస్తే నొప్పి అని నాలుగేళ్ళు నేర్చుకున్నవాడు నొప్పి పోయినా పట్టీ చూస్తే అలాగే బిగుసుకుంటాడు. డాక్టర్ పని అక్కడితో అయిపోయింది, ట్రైనర్ పని అప్పుడు మొదలైంది.

ఆయన చేసేదాన్ని చూడటానికి వెళ్ళినప్పుడు మొదటి గంట విసుగొచ్చిందని ఒప్పుకుంటా. ఏమీ జరగదు. ఒక పాత పట్టీని తాడులా బాద్‌షా పొట్ట చుట్టూ వేస్తారు, కాస్త బిగిస్తారు, బాద్‌షా ఊపిరి వదలగానే వెంటనే వదులుతారు. మళ్ళీ. మళ్ళీ. నేను కూర్చున్న చోటు నుంచి ఒక మనిషి గుర్రానికి కొలతలు తీస్తున్నట్టు ఉంది. నలభై సార్లు లెక్కపెట్టి మానేశాను. తర్వాత దగ్గరికి పిలిచి నా చెయ్యి ఆయన చేతి మీద పెట్టించుకుని చేశారు, అప్పుడు అర్థమైంది. బిగించడంలో ఏమీ లేదు, వదలడంలో ఉంది అంతా. గుర్రం ఒత్తిడి నుంచి నేర్చుకోదు, ఒత్తిడి ఆగిపోయిన క్షణంలో తను ఏం చేస్తోందో అది సరైనది అని నేర్చుకుంటుంది. బిగుసుకున్నప్పుడు వదిలితే బిగుసుకోవడం నేర్పినట్టు, మెత్తబడినప్పుడు వదిలితే మెత్తబడటం నేర్పినట్టు. ఒక క్షణం ఆలస్యమైతే పాఠం తలకిందులు. నేను నాలుగేళ్ళు ఏం చేశానంటే వాడు బిగుసుకోగానే భయపడి పట్టీ వదిలేసేదాన్ని! అంటే ఎగరడానికి మొదటి క్లాసు చెప్పిన టీచర్ నేనే.

ఈ ధోరణికి అమెరికాలో పశువులు కాచుకుంటూ బతికిన టామ్ డారెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకుని ఊరూరా తిరిగి క్లాసులు చెప్పిన రే హంట్ పెద్దదిక్కు అని మా ట్రైనర్ అంటారు. నాకు ఈ గురుపరంపరల మీద అంత పట్టింపు లేదు గానీ, ఒకటి మాత్రం గమనించాను. పెన్‌లో ఆయన ఉన్నప్పుడు గుర్రం చెవి ఒకటి ఎప్పుడూ ఆయన వైపు తిరిగి ఉంటుంది, ఫోన్ మోగినా, ఇంకో గుర్రం సకిలించినా ఆ చెవి కదలదు. నలుడికి అశ్వహృదయం తెలుసు అని చిన్నప్పుడు కథల్లో విన్నప్పుడు అదేదో మంత్రం అనుకున్నా. ఈ వదలడంలో టైమింగే ఆ మంత్రమేమో అనిపించింది. ఆయనతో అంటే "మంత్రమైతే నా నడుము ఇలా ఉండేది కాదు" అన్నారు.

ఎక్కించే రోజు నాకు బాగా నచ్చిన భాగం. గుర్రానికి కళ్ళు తలకి పక్కలుంటాయి, దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది, కనపడనిది నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త. మనం ఎడమ పక్క నుంచి ఎక్కుతాం, దాని ఎడమ కంట్లో ఉన్న మనిషి ఉన్నట్టుండి మాయమై కుడి కంట్లో, అదీ పైనుంచి, ప్రత్యక్షమవుతాడు. వీపు మీదకి దూకేది పులి అని తరతరాలుగా రక్తంలో ఉన్న ప్రాణికి ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకని ఆయన దగ్గర పనిచేసే అమ్మాయి ఎక్కడానికి వేసే మెట్టు మీద నిలబడి మూడు రోజుల పాటు ఎక్కలేదు. పైన నిలబడి అటు వంగి కుడి కంటికి చెయ్యి చూపించడం, మెడ మీద అటువైపు నిమరడం, దిగిపోవడం. బాద్‌షా తల తిప్పి చూస్తే దిగిపోవడం. రికాబులో కాలు, తీసేయడం. సగం బరువు, దిగడం. ఆమె కాలు అటు వేసిన రోజు వాడు ఒకసారి వీపు లేపాడు, ఆమె ఏమీ చేయకుండా ఒక పగ్గం పట్టుకుని వాడి మూతి తన మోకాలి వైపు వంచింది. అంతే, వెనక కాళ్ళు ఒకదానికొకటి అడ్డంగా దాటి ఆగిపోయాడు. గట్టిగా ఎగరాలంటే తల కిందకి పోవాలి, వెన్ను తిన్నగా ఉండాలి, వెనక కాళ్ళు రెండూ కలిసి నేలని తన్నాలి, మెడ పక్కకి వంగితే ఈ మూడూ పోతాయి. దీన్ని నడకలో వందసార్లు అలవాటు చేశాకే ఎక్కింది ఆమె, ప్రమాదం వచ్చినప్పుడు కొత్తగా ప్రయత్నించలేదు.

అలెగ్జాండర్ కుర్రాడిగా ఉన్నప్పుడు బ్యూసెఫలస్‌ని ఎవరూ ఎక్కలేకపోతే, అది తన నీడని చూసి బెదురుతోందని గమనించి సూర్యుడి వైపు తిప్పి ఎక్కాడని చెప్తారు కదా. కథ ఎంత నిజమో ఏమో, అందులో చేసిన పని మాత్రం ఇదే, ఎక్కే ముందు గుర్రం కళ్ళతో చూడటం.

పక్క పెన్‌లో ఇంకో గుర్రం ఉండేది, మందలో తిరిగిన మూడేళ్ళ ఆడది, మనిషి చెయ్యే తగలనిది. దాన్ని చూసి నాకు గుండె దడ, ముప్పై అడుగుల దూరంలో మనిషి కనిపిస్తే కంచెకి అతుక్కుపోయేది. ఆయన మాత్రం "మీవాడికన్నా ఇదే సులువు" అన్నారు. నమ్మలేదు. ఆరో వారానికి అది హాల్టర్, అంటే తలకి కట్టే పట్టీ, వేసుకుని వెంట నడుస్తోంది, బాద్‌షాకి ఇంకా పట్టీ పాఠమే నడుస్తోంది. కారణం సింపుల్, దానికి మనిషంటే తెలియని భయం, వీడికి తెలిసిన భయం. అమెరికాలో 1971 చట్టంతో రక్షణ పొందిన మస్టాంగ్ అనే అడవి గుర్రాలు, అవీ నిజానికి ఒకప్పటి పెంపుడు గుర్రాల సంతానమే, వాటిని ట్రైనర్లకిచ్చి దాదాపు 100 రోజుల్లో స్వారీకి తయారుచేసే పోటీ 2007లో మొదలైంది. అవి చూసి అడవి గుర్రానికే 100 రోజులు చాలితే మా గుర్రానికి నెల చాలదా అని అడిగేవాళ్ళు ఉంటారు, నేనూ అడిగాను. పాడైన గుర్రానికి ముందు నేర్చుకున్నది మరిపించాలి, తర్వాత కదా కొత్తది.

ఇంకో చిన్న విషయం. గుర్రం నాలుక చప్పరిస్తే "అదిగో, ఒప్పుకుంది, అర్థమైంది" అని డెమోల్లో అంటుంటారు. ఈయన దాన్ని అంత పట్టించుకోరు. టెన్షన్ దిగినప్పుడు నోరు కదులుతుంది, అంటే అంతకుముందు టెన్షన్ పెట్టామని కూడా అర్థం అంటారు. పదే పదే చప్పరిస్తుంటే ఎక్కువ ఒత్తిడి పెట్టానేమో అని ఆగిపోతారు. ఇది విన్నాక పాత డెమో వీడియోలు చూడబుద్ధి కాలేదు.

చివరి రెండు వారాలు యజమాని రోజూ రావాలి, ఇది షరతు. గుర్రానికి ట్రైనింగ్ అని పంపిస్తే ట్రైనింగ్ నాకు. పైకెక్కగానే నా పిరుదులు, మోకాళ్ళు పటకారులా బిగుసుకుంటున్నాయి, ఊపిరి ఆగిపోతోంది, కిందకి చూస్తున్నాను. విరిగిన ఎముక అతుక్కుంది గానీ ఒంటికి భయం పోలేదు, బాద్‌షా కథే నాదీ. ఆయన "మాట్లాడుతూ ఉండండి" అన్నారు, మాట్లాడేవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు కాబట్టి. ఏం మాట్లాడాలో తెలియక ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దగ్గర తప్పు చెప్తే కంచె అవతలి నుంచి సరిదిద్దారు. ఇంకో పని, పగ్గాలు వదిలేసి, కిందకి చూడకుండా, ఏ వెనక కాలు నేల విడుస్తోందో చెప్పమన్నారు. మొదటిరోజు అన్నీ తప్పులే, నాలుగోరోజుకి నా నడుము కింద ఎడమ, కుడి అని వీపు కదలిక తెలియడం మొదలైంది. అది తెలిశాక భయం ఎక్కడికో పోయింది, ఎందుకంటే వాడు బిగుసుకోబోతుంటే రెండు అడుగులు ముందే నాకు తెలిసిపోతోంది. నాలుగేళ్ళుగా ఎక్కుతున్నా గానీ వాడి కాళ్ళు నాకు మొదటిసారి అప్పుడే తగిలాయి.

ఇప్పుడు ఆ కోసేసిన స్టార్. 90 రోజుల్లో నాకొచ్చిన వీడియోలు రెండు. ఫోన్ ఎత్తరు, మెసేజ్ పెడితే మూడో రోజు "బాగున్నాడు" అని ఒక్క మాట. ప్రాణంలా చూసుకునే జంతువుని వదిలి వెళ్ళినవాళ్ళకి అది చాలదండీ. రోజూ ఎక్కేది ఆ అమ్మాయి అని ముందు చెప్పలేదు, వెళ్ళి చూశాక తెలిసింది. ఆమె బాగా చేస్తుంది, నాకు అభ్యంతరం లేదు, కానీ చెప్పాలి కదా. మొదటి రెండు వారాల్లో బాద్‌షా పక్కటెముకలు కనిపించేంత చిక్కాడు. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, కొత్త చోటు బెంగతో మేత తగ్గిస్తే పుండ్లు పడతాయి, ఈ సంగతి వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు, అయినా మేత పెంచింది నేను గొడవ చేశాకే. ఇంకా, "ట్రైనింగ్ పూర్తయింది" అంటే ఏమేం వచ్చినట్టు అని కాగితం మీద ఏమీ లేదు. ఎక్కడం, నడక, దుడుకు నడక, కాస్త దౌడు, ఇవి వచ్చాయి. ట్రైలర్ ఎక్కడం నేర్పలేదు. అడిగితే "మీరు వీపు సంగతే చెప్పారు, ట్రైలర్ సంగతి చెప్పలేదు" అన్నారు. నిజమే, చెప్పలేదు. అయినా రెండు గంటల కుస్తీ కథ మొదటిరోజే చెప్పాగా!

మాట కూడా కాస్త కటువు. "గుర్రానిది కాదు సమస్య" అని అందరి ముందూ అనేస్తారు. ఇగో ఉన్నవాళ్ళకి కష్టం. నాకూ రెండు రోజులు కష్టమైంది.

ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో బాద్‌షా ఒక్కసారి ఎగిరాడు, బాగా గాలి వీస్తున్న రోజు, వర్షం వచ్చేలోపు తిరిగొద్దామని హడావుడిగా పట్టీ ఒకేసారి మూడు రంధ్రాలు లాగేశాను. పడలేదు, మూతి మోకాలికి వంచాను, ఆగాడు, ఇద్దరం ఊపిరి వదిలాం. అది ఎవరి తప్పో మీకు చెప్పక్కర్లేదు. మిగతా రోజుల్లో మెట్టు పక్కన పగ్గాలు మెడ మీద వదిలేసి నిలబెడితే నేను ఎక్కి, రికాబులు సర్దుకుని, నడవమనేదాకా కదలకుండా ఉంటున్నాడు. ఒక చెవి నా వైపు తిప్పుకుని. ట్రైనర్ పనితనం చూడాలంటే వాళ్ళు తయారుచేసిన గుర్రాన్ని దౌడు తీయించి చూపించమనకండి, ఎవరూ పట్టుకోకుండా ఎక్కేటప్పుడు ఎలా నిలబడుతుందో చూపించమనండి. మొదటి చోట ఇద్దరు పట్టుకుని ఎక్కించారు, నేనది మర్యాద అనుకున్నాను.

ఎవరికి పనికొస్తుంది అంటే, గుర్రాన్ని అక్కడ పడేసి బాగుచేసిన తర్వాత ఫోన్ చేయండి అనేవాళ్ళకి అస్సలు పనికిరాదు. టైమ్ ఉండి, తిట్లు పడి, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటే కళ్ళు మూసుకుని పంపొచ్చు. పంపే ముందు మూడు విషయాలు రాయించుకోండి, ఎవరు ఎక్కుతారు, వారానికి ఎన్ని వీడియోలు పంపుతారు, ఏమేం వస్తే పూర్తయినట్టు.

వచ్చే నెల ట్రైలర్ పాఠానికి రమ్మన్నారు. బాద్‌షాని అక్కడికి తీసుకెళ్ళాలంటే ముందు ట్రైలర్ ఎక్కించాలి కదా అని మెసేజ్ పెట్టాను. కాసేపు ఏ జవాబూ లేదు, తర్వాత "నేనే వస్తాలెండి" అన్నారు. ఆయన ఒక మెసేజ్‌కి అదే రోజు జవాబివ్వడం అదే మొదటిసారి.